ఏ చట్టం కింద ఈ ఉత్తర్వు?

మా సెక్షన్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి నేర్పే మొదటి పాఠం జీవో పై వాక్యమే. ఫలానా చట్టం, ఫలానా సెక్షను కింద దఖలుపడిన అధికారాలను పురస్కరించుకొని అంటూ అది మొదలవ్వాలి. అక్కడ తేడా వస్తే కింద ఎంత చక్కగా రాసినా లా డిపార్ట్‌మెంటు ఫైలు తిప్పి పంపుతుంది. సర్వీసంతా ఆ వాక్యంతోనే కాపురం చేసినవాణ్ణి. అందుకే రిటైరయ్యాక చెక్ దేశంలోని బర్నోలో మా అబ్బాయి దగ్గరున్న రోజుల్లో నా కాలక్షేపం కూడా అదే అయింది. ఆ దేశపు చట్టాల సంపుటాలు పాతవీ కొత్తవీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. చెక్ భాష నాకు రాదు. కంప్యూటరు చేసిపెట్టే అనువాదం, ఒక నిఘంటువు, మరీ అర్థం కానిచోట అబ్బాయి ఆఫీసు స్నేహితులు. వాళ్లను విసిగించి వందేళ్ల ఉత్తర్వులు తిరగేశాను.

అక్కడ మంత్రివర్గమంతా కలిసి చేసే ఉత్తర్వును చెక్‌లో ‘నరీజెనీ’ అంటారు, స్లోవాక్‌లో ‘నరియాదెనియె’. ఒక్క మంత్రిత్వశాఖ చేసేది ‘విహ్లాష్క’. మన సచివాలయం భాషలో రెండూ రూల్సే. నేను ప్రతి దాంట్లోనూ వెతికింది ఒక్కటే: ఇది ఏ చట్టం కడుపున పుట్టింది? ఆ దేశం మంచి రోజులూ చెడ్డ రోజులూ ఆ జవాబును బట్టే తెలిసిపోతాయని నాకు అనిపించింది. యుద్ధాలూ విప్లవాలూ చరిత్ర పుస్తకాల్లో ఎలాగూ ఉంటాయి.

మొదట్లో ఆ ప్రశ్న అడిగే నాథుడే లేడు. వియన్నా నుంచి ఏలే చక్రవర్తి సంతకమే చట్టం. రెండో జోసెఫ్ 1781 అక్టోబర్ 13న మత సహనంపై ఒక శాసనం, నవంబర్ 1న చెక్ ప్రాంతాల్లో రైతుల వెట్టి బంధాన్ని తెంచే శాసనం ఇచ్చాడు. రెండూ మంచి పనులే. స్లోవాక్‌లు అప్పట్లో హంగరీ రాజ్యంలో భాగం. హంగరీ రాజుగా కిరీటం పెట్టుకోవాలంటే అక్కడి రాజ్యాంగానికి కట్టుబడతానని ప్రమాణం చెయ్యాలి. ఆ ప్రమాణం ఇష్టంలేక అతను కిరీటమే పెట్టుకోలేదు. హంగరీ వాళ్లు అతణ్ణి ‘టోపీ రాజు’ అని ఎగతాళి చేశారు. సభను పిలవకుండా శాసనాల మీద శాసనాలు పంపాడు. 1784లో జర్మన్‌ను పాలనా భాష చేశాడు. జిల్లా సభలు మొండికేశాయి. చివరికి 1790 జనవరిలో, మరణశయ్య మీద, హంగరీకి ఇచ్చిన ఉత్తర్వుల్లో చాలావాటిని తానే రద్దు చేసుకున్నాడు. మత సహనాన్నీ రైతుల విముక్తినీ మాత్రం ముట్టుకోలేదు. సభ ఒప్పుకోని ఉత్తర్వు చాలావరకు రాసినవాడి ఊపిరి ఉన్నంతవరకే.

1867లో ఆస్ట్రియాకు రాజ్యాంగ చట్టాలు వచ్చాయి. ఉత్తర్వులు చట్టం పరిధిలోనే ఉండాలన్నారు. అయితే పార్లమెంటు గురించిన చట్టంలో 14వ పేరాగ్రాఫ్ అని ఒక సందు వదిలారు: సభ కూర్చోని సమయంలో అత్యవసరమైతే చక్రవర్తి ఉత్తర్వే చట్టంలా నడుస్తుంది. ఆ సందు తర్వాత్తర్వాత రాజమార్గం అయింది.

ఒక్క శాఖాపరమైన ఉత్తర్వు సామ్రాజ్యాన్ని ఎంతగా కుదపగలదో చూడాలంటే 1897కు వెళ్లాలి. ఆస్ట్రియా ప్రధానమంత్రి కౌంట్ బడేనీ పోలండ్ జమీందారు. ఆ ఏప్రిల్ 5న చెక్ ప్రాంతాలైన బొహీమియాకు, కొద్ది రోజుల్లోనే మొరావియాకు, భాషా ఉత్తర్వులు జారీచేశాడు. ఆఫీసుల్లో చెక్ అర్జీకి లోపలి పని కూడా చెక్‌లోనే జరగాలి. 1901 జూలై తర్వాత ఉద్యోగంలో చేరేవాళ్లకు రెండు భాషలూ వచ్చి ఉండాలి. చదువుకున్న చెక్‌లకు జర్మన్ ఎలాగూ వచ్చు. జర్మన్లకు చెక్ రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అంటే బొహీమియాలో కొత్త ఉద్యోగాలన్నీ ఎవరి చేతికి పోతాయో గుమాస్తా లెక్క వచ్చిన ప్రతివాడికీ అర్థమైంది. వియన్నా పార్లమెంటులో జర్మన్ సభ్యులు సభను సాగనివ్వలేదు. లెహర్ అనే సభ్యుడు పన్నెండు గంటలు ఏకబిగిన ప్రసంగించాడు. ఆ గొడవను గ్యాలరీ నుంచి చూసిన వాళ్లలో మార్క్ ట్వేన్ ఒకడు. దానిమీద వ్యాసమూ రాశాడు. ఒక సభ్యుడితో పిస్తోలు ద్వంద్వ యుద్ధానికి దిగి బడేనీ చేతికి గాయం చేసుకున్నాడు. నవంబర్ 28న పదవి పోయింది. ఈసారి ప్రాగ్ వీధుల్లో చెక్‌లు రెచ్చిపోయారు, డిసెంబర్‌లో అక్కడ సైనిక శాసనం పెట్టాల్సి వచ్చింది. 1899లో ఉత్తర్వులను మొత్తంగా వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగ నియామకాల జీవో ఊళ్లను ఎలా తగలబెడుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత వియన్నా ప్రభుత్వాలు 14వ పేరాగ్రాఫ్‌తోనే బండి లాగించాయి. 1913 జూలై 26న, సెయింట్ ఆన్ పండుగనాడు, చక్రవర్తి శాసనంతో బొహీమియా ప్రాంతీయ సభను రద్దుచేసి దాని బదులు ఒక పాలనా కమిషన్ పెట్టారు. 1914 మార్చిలో ప్రధాని ష్టూర్క్ పార్లమెంటు తలుపులు మూశాడు. అవి మళ్లీ తెరుచుకున్నది 1917 మే నెలలో. ఆ మధ్య ప్రపంచ యుద్ధం ప్రకటించారు, ఊళ్లకు ఊళ్లను రణరంగానికి తోలారు. వియన్నాలో ఓటు వేసినవాడు ఒక్కడూ లేడు.

1918 అక్టోబర్ 28న ప్రాగ్‌లో చెకొస్లొవాకియా పుట్టింది. ఆ రోజు తొలి చట్టాన్ని రాసింది అలొయీస్ రాషీన్ అనే న్యాయవాది. 1916లో ఆస్ట్రియా సైనిక న్యాయస్థానం రాజద్రోహం కింద ఇతనికి ఉరిశిక్ష వేసింది. కొత్త చక్రవర్తి కార్ల్ దయతలచబట్టి బతికాడు. అలాంటి మనిషి స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఏం రాస్తాడనుకుంటాం? రెండో అధికరణంలో అతను రాసింది, పాత చట్టాలూ ఉత్తర్వులూ అన్నీ ప్రస్తుతానికి అమల్లోనే ఉంటాయని. తనకు ఉరి రాసిన రాజ్యపు చట్టాలే! ఒక్క రోజు కూడా చట్టం లేని రోజు ఉండకూడదు, మర్నాడు ఆఫీసు మామూలుగా తెరుచుకోవాలి, పన్ను వసూలు కావాలి, రైలు నడవాలి అన్నదే అతని ఆలోచన. ఉద్రేకం తక్కువ, బుర్ర ఎక్కువ ఉన్న విప్లవం అది. దానికింద సంతకాలు చేసిన అయిదుగురిలో ఒక్క స్లోవాక్ ఉన్నాడు: వవ్రో ష్రోబార్ అనే వైద్యుడు, ఆ రోజు ఎలాగో ప్రాగ్ చేరుకున్నవాడు.

ఇలా పాత కాగితాలు బతికి ఉండటం మనకూ అలవాటే. 1919 నాటి నిజాం ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు 1972 అక్టోబర్‌లో చెప్పాక జరిగిందంతా మా తరం కళ్లారా చూసింది. పోయిన రాజు కాగితానికి ఎంత ఆయుష్షుంటుందో అప్పుడు తెలిసింది.

రాషీన్ చట్టానికి సంపుటిలో దక్కిన నంబరు 11. మొదటి నంబరు నవంబర్ 2న చేసిన చట్టానిది. ఆ మొదటి నంబరు దేని గురించో చూసి నేను కుర్చీలోంచి లేచాను. చట్టాలనూ ఉత్తర్వులనూ ఎలా అచ్చువేసి ప్రకటించాలో చెప్పే చట్టం అది! మూడో నంబరుతో సుప్రీం అడ్మినిస్ట్రేటివ్ కోర్టు పెట్టారు, ప్రభుత్వ అధికారుల నిర్ణయాల మీద పౌరుడు ఫిర్యాదు చేసుకునే చోటు. మొదట్లోనే గెజిట్‌నూ, సర్కారును ప్రశ్నించే కోర్టునూ తలచుకున్న రిపబ్లిక్ అది. ఈ ఒక్క సంగతితో ఆ దేశం మీద నాకు గౌరవం పెరిగింది.

అయితే ‘పాత చట్టాలన్నీ’ అనడంతో ఒక తలనొప్పి వచ్చింది. చెక్ ప్రాంతాల్లో పాత చట్టమంటే ఆస్ట్రియాది, 1811 నాటి సివిల్ కోడ్. స్లొవాకియాలో పాత చట్టమంటే హంగరీది, దాంట్లో పెద్దభాగం రాతలో లేని ఆచారం. ఒకే దేశంలో వారసత్వానికి రెండు లెక్కలు, మొదట్లో పెళ్లికి రెండు పద్ధతులు. చట్టాలను ఏకం చేయడానికంటూ ఏకంగా ఒక మంత్రిత్వశాఖే పెట్టారు. సివిల్ చట్టం ఒక్కటి కావడానికి 1950 దాకా పట్టింది. ప్రాగ్‌లో కూర్చుని మొత్తం దేశానికి ఒక ఉత్తర్వు డ్రాఫ్టు చేసే గుమాస్తా, ఇక్కడ ఆస్ట్రియా చట్టం ఫలానా సెక్షను, అక్కడ హంగరీ చట్టం ఫలానా సెక్షను అని రెండేసి రాయాలి. ఎవరో ఎరగని ఆ గుమాస్తాల మీద నాకు జాలి, కొంచెం అసూయ కూడా. అంత పదునైన పని మాకెప్పుడూ తగల్లేదు.

చట్టమూ ఉత్తర్వూ జోడెద్దుల్లా నడిచిన సందర్భం 1919లో కనిపిస్తుంది. రాషీన్ అప్పుడు ఆర్థికమంత్రి. వియన్నా అచ్చువేస్తున్న పాత క్రౌన్ నోట్ల వరదనుంచి తన దేశపు డబ్బును విడదీయాలి. ఫిబ్రవరి 25న సభ రహస్యంగా కూర్చుని చట్టం చేసింది, సరిహద్దులు మూశారు, మార్చి మొదట్లో జనం తమ నోట్లు తెచ్చి స్టాంపులు అంటించుకున్నారు. అధికారం చట్టంలో, వివరం మంత్రి ఉత్తర్వులో. రాషీన్‌ను 1923 జనవరిలో ఒక కుర్రాడు కాల్చాడు, ఫిబ్రవరిలో పోయాడు.

14వ పేరాగ్రాఫ్ చేదు నాలుక మీద ఉండగానే 1920 ఫిబ్రవరి 29న రాజ్యాంగం రాశారు. దాని 55వ సెక్షను మా సెక్షను గోడమీద రాసిపెట్టుకోదగ్గది: ఒక నిర్దిష్టమైన చట్టాన్ని అమలు చేయడానికే, ఆ చట్టం హద్దుల్లోనే ఉత్తర్వు ఇవ్వాలి. 84వ సెక్షను ప్రకారం ప్రభుత్వ ఉత్తర్వు మీద ప్రధానితోపాటు కనీసం సగంమంది మంత్రులు సంతకం పెట్టాలి. 102వ సెక్షను మరీ ముచ్చటైనది. న్యాయమూర్తి చట్టాన్ని మాత్రం సక్రమంగా ప్రకటించారా లేదా అనే చూడాలి. ఉత్తర్వునైతే అసలు చెల్లుతుందా అని పరీక్షించవచ్చు.

పదమూడేళ్లు గడిచాయి. ఆర్థికమాంద్యం వచ్చింది. 1933 జూన్‌లో పార్లమెంటు 95వ నంబరు చట్టంతో ప్రభుత్వానికి అసాధారణ ఉత్తర్వుల అధికారం ఇచ్చింది, తర్వాత పలుమార్లు పొడిగించింది. 1934 జూలైలో ధాన్యం వ్యాపారం మొత్తాన్ని ఒక కంపెనీ గుత్తకు అప్పజెప్పింది చట్టం కాదు, 137వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు. వ్యవసాయమంత్రి మిలన్ హోజా, స్లోవాక్. రైతుకు ధర నిలబడింది, ఆ పని తప్పని నేను అనను. కానీ ఉత్తర్వు పై వాక్యం చూడండి: ఏ చట్టం కింద అంటే, ఏ ఉత్తర్వైనా ఇవ్వొచ్చని చెప్పిన చట్టం కింద. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టివ్వడం అదే. మంచి మనుషులు పెట్టిన ఆ అలవాటు తర్వాత ఎవరి చేతిలో పడుతుందో వాళ్లకు తెలియదు. 1938లో మ్యూనిక్ ఒప్పందం దేశాన్ని ముక్కలు చేశాక, డిసెంబర్‌లో 330వ నంబరు చట్టం రాజ్యాంగాన్నే డిక్రీతో మార్చే వీలు ఇచ్చింది.

1939 మార్చిలో చెక్ ప్రాంతాలు జర్మన్ల ‘ప్రొటెక్టరేట్’ అయ్యాయి, స్లొవాకియా హిట్లర్ నీడలో విడి రాజ్యమైంది. ప్రాగ్‌లో యూదులను ప్రజాజీవితం నుంచి వెళ్లగొట్టిన కాగితం 136/1940, ప్రభుత్వ ఉత్తర్వు. దాని తేదీ 1939 జూలై 4, అచ్చయింది 1940 ఏప్రిల్‌లో. అప్పటి ప్రధాని జనరల్ ఎలియాష్ రహస్య ప్రతిఘటనకు సాయపడ్డాడని నాజీలు 1942లో కాల్చి చంపారు. ఆ ఉత్తర్వు మాత్రం అతని ప్రభుత్వానిదే.

స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా కాగితం ఇంకా ఘోరం. 1940 సెప్టెంబర్‌లో అక్కడి శాసనసభ యూదుల విషయంలో కావాల్సినదంతా చేసుకోమని ప్రభుత్వానికి ఏడాదిపాటు అధికారం రాసిచ్చింది. 1941 సెప్టెంబర్ 9న ప్రధాని తుకా ప్రభుత్వం 198వ నంబరు ఉత్తర్వు తెచ్చింది. 270 సెక్షన్లు. ఎవరు యూదుడు, ఎవరు ఎవర్ని పెళ్లాడకూడదు, ఏ వృత్తి చేయకూడదు, బట్టల మీద ఏ గుర్తు కుట్టుకోవాలి. అన్నీ వరుసగా, నంబర్లు వేసి, ఎక్కడా తడబాటు లేకుండా. మినహాయింపులు ఇచ్చే అధికారం అధ్యక్షుడు తిసోకు 255వ సెక్షన్లో ఉంది. అతను మతగురువు కూడా. డ్రాఫ్టింగ్ తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ ఉత్తర్వు పనితనంలో లోపం దొరకదు. నిర్వచనాలు ముందు, నిషేధాలు తర్వాత, శిక్షలు, చివర మినహాయింపులు. ఏ ఆఫీసులోనో ఒక మనిషి దాన్ని శ్రద్ధగా ఫెయిర్ కాపీ చేసి ఉంటాడు. ఆ పేజీల దగ్గర నేను ఆగిపోయి కొన్నాళ్లు సంపుటాలు ముట్టుకోలేదు.

1942 మార్చి 25న పొప్రాద్ స్టేషన్ నుంచి యువతులతో నిండిన మొదటి రైలు ఔష్విట్జ్‌కు బయల్దేరింది. యూదులను పంపించవచ్చనే రాజ్యాంగ చట్టం, నంబరు 68, మే 15న వచ్చింది. ముందు రైళ్లు, తర్వాత చట్టం. ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 58,000 మందిని పంపారు, తిరిగివచ్చినవాళ్లు కొన్ని వందలమందే. నేటి స్లొవాకియాలో సెప్టెంబర్ 9 హోలోకాస్ట్ బాధితుల స్మృతి దినం. ఒక ప్రభుత్వ ఉత్తర్వు తేదీ అది.

యుద్ధం తర్వాత అధ్యక్షుడు బెనెష్ డిక్రీలు వచ్చాయి. జర్మన్లు, హంగేరియన్ల పౌరసత్వాలూ పొలాలూ వాటితోనే పోయాయి. వాటి మీద తగాదా నేటికీ తెగలేదు, ఇక్కడ ఎత్తుకుంటే అదే మరో వ్యాసం. 1948 నుంచి కమ్యూనిస్టుల కాలం. 1953 మే 29న అధ్యక్షుడు జాపొటొట్స్కీ రేడియోలో మన కరెన్సీ గట్టిగా ఉందన్నాడు. మర్నాడే చట్టం వచ్చింది: మనిషికి 300 క్రౌన్ల దాకా అయిదుకు ఒకటి, అంతకుమించితే యాభైకి ఒకటి. ప్ల్‌జెన్‌లో కార్మికులు తిరగబడ్డారు. ఆ నలభై ఏళ్లలో అసలు పాలన నడిచింది మంత్రిత్వశాఖల లోపలి ఆదేశాలతో. కొన్ని శాఖల బులెటిన్లలో మాత్రమే కనిపించేవి, సంపుటిలో ‘ఫలానాది జారీ అయింది’ అని ఒక పంక్తి వేసేవారు. కొన్నిటికి అదీ లేదు. 1918లో మొదటి నంబరు దేనికి ఇచ్చారో వాళ్లకు గుర్తున్నట్టు లేదు.

అలాంటి కాలంలో ఒక విహ్లాష్క తన యజమాని మీదికే తిరిగింది. 1968లో ప్రాగ్ ప్రభుత్వం పౌర, రాజకీయ హక్కులపై ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులపై మరొకటి, ఐక్యరాజ్య సమితి ఒడంబడికలు రెంటిపై సంతకం పెట్టింది. 1975లో హెల్సింకీలో హక్కులకు కట్టుబడతామని మాటిచ్చింది. 1976 మార్చి 23న ఆ ఒడంబడికలు ఆ దేశంలో అమల్లోకి వచ్చాయి. విదేశాంగ మంత్రి పేరున విహ్లాష్క తయారై, 120/1976 నంబరుతో, అక్టోబర్ 13న సంపుటిలో అచ్చయింది. మామూలు గెజిట్ నోటిఫికేషన్. రాసిన గుమాస్తా దాన్ని ఎవరైనా చదువుతారని అనుకుని ఉండడు.

చదివారు. 1977 జనవరి 1 తేదీ వేసిన ‘చార్టర్ 77’ ప్రకటన మొదటి వాక్యంలోనే ఆ 120వ నంబరు ఉంది. మీ గెజిట్‌లో మీరే అచ్చువేశారు, ఇప్పుడు ఇది మన చట్టం, మరి భావస్వేచ్ఛ ఎక్కడ, మత స్వేచ్ఛ ఎక్కడ, పిల్లలకు చదువుకునే హక్కు ఎక్కడ అని వరుసగా అడిగారు. 240 మందికి పైగా సంతకాలు. తొలి ప్రతినిధుల్లో నాటకకర్త వాట్స్‌లవ్ హావెల్, తత్వవేత్త యాన్ పాటొచ్కా, మూడో మనిషి యిర్జీ హాయెక్. 1968లో విదేశాంగ మంత్రి ఈయనే! జనవరి 6న ఆ పత్రాన్ని కారులో తీసుకెళ్తున్న హావెల్‌నూ, రచయిత వాట్సులీక్‌నూ, నటుడు లందోవ్‌స్కీనీ పోలీసులు వెంటపడి పట్టుకున్నారు. సుదీర్ఘమైన విచారణల తర్వాత మార్చి 13న పాటొచ్కా ఆసుపత్రిలో చనిపోయాడు. చార్టర్ వాళ్లు ప్రభుత్వాన్ని కూల్చేస్తామనలేదు. పై వాక్యం పట్టుకుని కింది వాక్యాన్ని నిలదీశారు, మంచి సెక్షను ఆఫీసరు చేసే పనే. ప్రభుత్వానికి అదే మింగుడుపడలేదు, ఎందుకంటే నంబరు తమదే, తేదీ తమదే.

1992 డిసెంబర్ 31 అర్ధరాత్రి దేశం రెండయింది. రాషీన్ వాక్యం మళ్లీ రెండుచోట్ల పుట్టింది: చెక్‌లకు 4/1993 రాజ్యాంగ చట్టంలో, స్లోవాక్‌లకు రాజ్యాంగం 152వ అధికరణంలో, పాత చట్టాలు అమల్లో ఉంటాయని. 1964 నాటి సివిల్ కోడ్‌ను చెక్‌లు 2014లో వదిలేశారు, స్లోవాక్‌లు అట్టేపెట్టుకున్నారు. ఉత్తర్వుల సంగతికొస్తే చెక్ రాజ్యాంగంలో 78, 79 అధికరణాలు పక్కపక్కనే ఉన్నా తేడా పెద్దది. చట్టాన్ని అమలు చేసేందుకు, దాని హద్దుల్లో, ప్రభుత్వం తనంతట తాను ఉత్తర్వు ఇవ్వొచ్చు. మంత్రిత్వశాఖ ఇవ్వాలంటే చట్టం దానికి పేరుపెట్టి అధికారం ఇచ్చి ఉండాలి. స్లోవాక్‌లది 120వ అధికరణం. 2001లో యూరోపియన్ యూనియన్‌లో చేరే తొందరలో దానికి రెండో భాగం కలిపి, ఐరోపా నియమాలను ప్రభుత్వ ఉత్తర్వుతోనే తెచ్చుకునే వెసులుబాటు పెట్టారు. ఎన్నో వేల పేజీలు అలా వచ్చాయి. నాకు ఆ దారి అంతగా నచ్చదు, కానీ వాళ్లను గడువు తరిమింది.

కాగితం జనం చెవిన పడటం వేరే కథ. పాతకాలంలో చెక్, స్లోవాక్ ఊళ్లలో గ్రామ డప్పరి వీధి మలుపులో డోలు వాయించి, ఇందుమూలంగా తెలియజేయడమేమనగా అన్న ధోరణిలో చదివేవాడు. మన టముకు వేసేవాడే. తర్వాత కరెంటు స్తంభాలకు లౌడ్‌స్పీకర్లు వచ్చాయి. బర్నోకు దగ్గర్లోని ఒక పల్లెలో అవి ఇంకా మోగుతుంటే విన్నాను: ముందు బ్యాండు పాట, తర్వాత పంచాయతీ ఆఫీసు ఆమె గొంతు, చెత్త బండి మంగళవారం వస్తుందని. 2024 జనవరి 1 నుంచి చెక్ చట్టాల సంపుటి ఎలక్ట్రానిక్ రూపమే ప్రామాణికం. స్లోవాక్‌లు ఆ పని 2016లోనే చేశారు.

చెక్ రాజ్యాంగంలోని 78, 79 అధికరణాల తేడా ఎందుకు ముఖ్యమో కోవిడ్ వచ్చాక తేలింది. 2020 మార్చి 12న చెక్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. దుకాణాల మూసివేత, జనం తిరగడంపై ఆంక్షలు మొదట మంత్రివర్గం పేరున వచ్చాయి. కొద్ది రోజులకు అవే ఆంక్షలు ఆరోగ్య మంత్రిత్వశాఖ పేరున జారీ అవడం మొదలైంది. మంత్రివర్గం సంక్షోభ చట్టం కింద ఇస్తే నష్టపరిహారం దావాలు వస్తాయని అలా మార్చారన్న విమర్శ వచ్చింది. ప్రాగ్‌లోని ఒక న్యాయవాది కోర్టుకెక్కాడు. ఏప్రిల్ 23న ప్రాగ్ మునిసిపల్ కోర్టు ఆరోగ్య శాఖ ఉత్తర్వులు నాలుగింటిని కొట్టేసింది. ఆంక్షలు తప్పని కోర్టు అనలేదు. దేశమంతటా హక్కులను అంతగా బిగించే పని అత్యవసర పరిస్థితిలో సంక్షోభ చట్టం కింద మంత్రివర్గమే చెయ్యాలి, ఒక్క శాఖ చెయ్యకూడదంది. సరిదిద్దుకోవడానికి ఏప్రిల్ 27 దాకా గడువిచ్చింది. మంత్రివర్గం కూర్చుని, ఉంచదలచిన ఆంక్షలను సంక్షోభ చట్టాన్ని పేర్కొంటూ తన పేరున మళ్లీ జారీ చేసింది.